పిండిమరలో పిచ్చుకలు

పిండిమర ఆడించే పెద్దాయన కనుబొమలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. అది వయసో పిండో ఆయన భార్యకే తెలియాలి. ముప్పై ఏళ్లుగా ఆ హోరులో మాట్లాడీ మాట్లాడీ, ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా పక్కింటివాళ్లు ఉలిక్కిపడతారు. మర చుట్టూ రాలిన గింజల్ని ఊడ్చి పారెయ్యడు. చీపురుతో మెల్లగా గడప దగ్గరికి తోస్తాడు. వెంటిలేటర్లో కాపురమున్న పిచ్చుకలు అందుకోసమే కాచుకుని ఉంటాయి. రెట్టలు పడుతున్నాయని మొన్న యజమాని ఆ వెంటిలేటర్‌కి ఇనుప మెష్ కొట్టించాడు. పిచ్చుకలు బయటినుంచి దాన్ని పట్టుకుని వేలాడుతుంటే, గోధుమలు తెచ్చిన కాలేజీ అమ్మాయి పైకి చూసింది. "అవి ఎక్కడికీ పోలేవు తాతా. మనుషులు సేద్యం మొదలుపెట్టినప్పటినుంచీ మన వెంటే ఉన్నాయి. మన గింజలు గట్టివి కదా, వాటిని కొరకగలిగే లావు ముక్కున్నవే తరతరాలుగా బతికి బట్టకట్టాయి." ఆయన కాసేపు తన గొంతు తడుముకున్నాడు. "అయితే వాటినిలా చేసింది మనమేనన్నమాట," అన్నాడు, మర ఆగి ఉన్నా అరుస్తూనే.

మర్నాడు మెష్‌కి ఓ మూల పిచ్చుక పట్టేంత కంత కనబడింది.

"ఇదెవరి పని?" అన్నాడు యజమాని.

"ఎలకయ్యుంటుందండీ."

"ఇనప తీగ కొరికిందా?"

"మన దగ్గర తిని పెరిగింది కదండీ. పళ్లు గట్టిపడుంటాయి."

యజమాని ఆయన జేబులోంచి తొంగిచూస్తున్న కటింగ్ ప్లేయర్ వంక చూశాడు. "సరే, రెట్టలు కూడా ఆ ఎలకనే తుడవమను."

ఇప్పుడు ఆ ఎలక రోజూ పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని స్టూలెక్కుతోంది. పైన కిచకిచలు వినబడ్డాకే మర వేస్తోంది.