మొదటి వంతు అమ్ముకున్న కోచ్ సాబ్

కోచ్ సాబ్ పోయాడని ఈ చలికాలం మొదట్లో ఒక శుక్రవారం మా హాకీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సెలవు మీద హైదరాబాద్ వెళ్ళి, నిద్రలోనే పోయాడట. కాసేపట్లో గ్రూపు నిండా పూలూ, జోడించిన చేతులూ. మహానుభావుడన్నారు, తండ్రిలాంటివాడన్నారు. పోయినవాళ్ళంతా మంచివాళ్ళే కదా. నేను మాత్రం ఆ రోజు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కోపం చల్లారి కాదు.

దోహాలో చలికాలం రాగానే తెలుగువాళ్ళం, హైదరాబాదీలం కలిసి ముఐథర్ దగ్గరి గ్రౌండులో హాకీ లీగ్ ఆడతాం, శుక్రవారాల్లో. సీజను ముందు డ్రాఫ్టు ఉంటుంది. టీముల పెద్దలు ఒక గదిలో కూర్చుని చీటీలు తీసి వంతులు వేసుకుంటారు. మొదటి వంతు వచ్చినవాడు అందరిలోకీ మంచి ఆటగాణ్ణి ఎత్తుకుపోవచ్చు. అక్కర్లేదనుకుంటే ఆ వంతు ఇంకో టీముకిచ్చి, బదులుగా వాళ్ళ కింది వంతులు తీసుకోవచ్చు. ఈ బేరాల్లో సాబ్‌ను మించినవాడు లేడు. "మొదటి వంతంటె కొత్తల్లుడు. మర్యాదలు ఎక్కువ, పని తక్వ" అనేవాడు.

ఆయన దుఖాన్ అనే ఊళ్ళో ఒక కంపెనీకి స్టోర్ ఇన్‌చార్జి. నేను ధర్మవరం నుంచి వచ్చి, ముఐథర్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా ఉండేవాణ్ణి. బళ్ళో హాకీ ఆడినవాణ్ణి కదా, ఒకరోజు గ్రౌండు పక్కన కారు ఆపి ఆశగా చూస్తుంటే పిలిచి చేతికి స్టిక్ ఇచ్చాడు. ఆ ఎండాకాలమంతా, మేడం పిల్లల్ని ట్యూషన్లో దింపి వచ్చే సందులో, నాతో ప్రాక్టీస్ చేయించాడు. మోకాళ్ళు వంచకపోతే పిక్క మీద స్టిక్‌తో ఒకటి తగిలించేవాడు. మధ్యలో నారింజలు వలిచి అందరికీ తొనలు పంచి, బంతి పోగొట్టినవాడికి తొక్క చేతిలో పెట్టేవాడు. నాకు చాలాసార్లు తొక్కే దక్కింది. ఇవాళ నాకొచ్చిన ఆటంతా ఆయన పెట్టిన భిక్షే, ఆ మాట దాచను.

"నువ్వు నా టీమోనివి బేటా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను. పొద్దున లేస్తే కార్లు కడగడం, ఎవరు పిలిస్తే అటు పరుగెత్తడం. ఈ దేశంలో నన్ను కావాలని ఎంచుకున్న మనిషి ఆయనొక్కడే. కనిపించిన ప్రతివాడి దగ్గరా నన్ను పొగుడుతుంటే పొంగిపోయాను.

ఆ యేటి డ్రాఫ్టులో మొదటి వంతు ఆయనకే వచ్చింది. నా పేరు పిలుస్తాడని గోడకానుకుని నిలబడ్డాను. ఆయన నా వైపైనా చూడకుండా అల్ షహానియా టీము పెద్దతో బేరం పెట్టాడు. వాళ్ళ కింది వంతులు రెండు, పైగా వచ్చే సీజను చీటీల్లో వాళ్ళకు ఏ వంతు వస్తే అది కూడా. అంత ధర అంతకుముందు ఎవరికీ పలకలేదు. ఆ వంతుతో వాళ్ళు నన్ను తీసుకున్నారు. సాబ్ తీసుకున్నది ఆట అంతంతమాత్రం వచ్చిన ఇద్దరు గుమాస్తాలను. ఇద్దరికీ శుక్రవారం సెలవు.

బయటికొచ్చాక నిలదీశాను. "సాబ్, ఎండాకాలమంతా ఆడిస్తిరి కదా, నన్నెందుకు ఇడిచిపెడితిరి?"

"ఇడిచిపెట్టలే బేటా, అమ్మిన" అన్నాడు నవ్వుతూ. "ఆట నీదే, జుమ్మా నీది కాదు. శుక్రారం గూడ నీకు సెలవు లేదాయె. మీ మేడం ఫోన్ జేస్తె గోలు ముంగటికెల్లైనా ఉరుకుతవ్. గందుకే నిన్ను అందరి ముంగట పొగిడిన. చౌకల పోలే నువ్వు, ఖుష్ ఉండు."

సంతకు తోలే ముందు పొట్టేలుకు దాణా పెట్టినట్టు పెట్టాడన్నమాట. సెమీఫైనల్లో ఆయన టీముతోనే మా ఆట. సగంలో మేడం ఫోన్ చేసింది, పరుగెత్తాను. మావాళ్ళు ఓడిపోయారు, తర్వాత ఆ గుమాస్తాలు కప్పు ఎత్తారు. "చూసిన్రా?" అని సాబ్ అందర్నీ అడుగుతూ తిరిగాడట. ఆయన లెక్క తప్పలేదు. తప్పలేదు కాబట్టే నా కడుపు మండింది. మనిషిని సెలవుతో తూచే పని ఇంటి యజమానులు ఎలాగూ చేస్తున్నారు. మనవాడు కూడా అదే తక్కెడ పట్టుకోవాలా?

కంపెనీ ఉద్యోగం దొరికి శుక్రవారం నాదయ్యాక ఆయనే ఫోన్ చేశాడు, తన టీముకు రమ్మని. రానని చెప్పి పెట్టేశాను. మేం మాట్లాడుకున్నది అదే ఆఖరు.

ఆయన పోయిన తర్వాత వారం ఈ సీజను డ్రాఫ్టు. అందరితో పాటు లేచి నిలబడి నేనూ మౌనం పాటించాను. ఇప్పుడు నేనొక టీముకు పెద్దను, మొదటి వంతు నాకే వచ్చింది. ఉన్నవాళ్ళలో గట్టి ఆటగాడు టెక్కలి నుంచి వచ్చిన ఒక హౌస్ డ్రైవర్.

"అన్నా, వంతు మాకిచ్చెయ్, రెండిస్తాం. సాబ్ ఉంటే ఈపాటికి అమ్మేసేవాడు" అన్నాడు పక్క టీము పెద్ద.

"అందుకే అమ్మను" అని ఆ టెక్కలి డ్రైవర్ పేరు పిలిచాను.

అతను సంతోషపడకుండా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "అన్నా, మేడం పిలిస్తే ఎల్లిపోవాల కదా. మరేటి సేద్దుం?"

"పిలిస్తే పో. నీ చోట్లో ఎవర్నీ దించను."

మొదటి ఆటలోనే వాళ్ళ మేడం పిలిచింది. అన్న మాట ప్రకారం ఎవర్నీ దించలేదు, పదిమందితోనే ఆడి ఓడిపోయాం. సాబ్ అయితే ఇలా ఓడేవాడు కాదని మావాళ్ళే తిట్టారు. నిజమే, ఓడేవాడు కాదు. వచ్చే సీజనులోనూ నేను ఇలాగే ఓడతాను.

ఆ రోజు ఫోన్ రాగానే, బట్టలు మార్చుకునే తీరిక లేక అతను మా జెర్సీతోనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తెల్ల కారు గ్రౌండు కంచె పక్కనుంచి మెల్లగా సాగింది. అతను అద్దం దించి, మా పదిమంది మధ్య ఖాళీగా ఉన్న తన చోటు వైపు చూసుకుంటూ వెళ్ళాడు.