అంకుల్ ముందుగా తుడిచే కత్తి

మా పక్కింటి అంకుల్ పోయారన్న కబురు నాకు పారమట్టాలో, లైట్ రైల్ ట్రాము కోసం నిలబడి ఉండగా తెలిసింది. మా వీధి వాట్సాప్ గ్రూపులో వాళ్ళమ్మాయి ఇంగ్లిష్‌లో చిన్న మెసేజ్ పెట్టింది. దాని పైన ఎవరో పాత సోఫా ఊరికే ఇచ్చేస్తామన్నారు. కింద ఇంకెవరో చెత్త రెడ్ బిన్ రేపు బయట పెట్టాలా ఎల్లుండా అని అడిగారు. ఆ రెండిటి మధ్యా అంకుల్ చావు. నేను "ఓకే, థాంక్స్" అని జవాబు కొట్టాను. సోఫాకి కొట్టానో, అంకుల్‌కి కొట్టానో నాకిప్పటికీ తెలీదు. తర్వాత ఎదురుగా వచ్చిన బండి ఎక్కేశాను. అది ఇంటికి కాదు, అవతలి వైపు వెళ్ళేదని చాలా దూరం పోయాక గాని చూసుకోలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడ ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ళు అడిగారు. రాస్తానన్నాను గాని, ఏం రాయాలి? మీలో చాలామంది ఆయన్ని గిరావీన్‌లో, కూరగాయల కొట్టు దగ్గర బెండకాయల తోకలు విరిచి చూస్తూ నిలబడగా చూసే ఉంటారు. గుంటూరు వైపు మనిషి. ఇక్కడే ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ముద్దపప్పులో ఆవకాయ లేకపోతే అలిగే రకం. అలాంటాయన గరాజ్‌లో, కారు ఉండాల్సిన చోట పాత జపాన్ కత్తులు! ఈ మనిషికీ ఆ కత్తులకీ పొత్తు ఎలా కుదిరిందో నాకు ఎన్నేళ్ళయినా అంతుపట్టలేదు.

మేము ఆ పక్కింట్లో దిగిన కొత్తలో ప్రతి ఆదివారం ఫెన్స్ అవతలినుంచి లవంగాల వాసన గుప్పుమనేది. వారం వారం బిర్యానీ వండుకుంటారు, మాటవరసకైనా పిలవరేం అని నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు పెరుగు తోడు వంకతో వెళ్ళాను. ఆంటీ నవ్వుతూ గరాజ్ తలుపు తీశారు. లోపల అంకుల్ ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని కత్తికి నూనె రాస్తున్నారు. తుప్పు పట్టకుండా రాసే ఆ నూనెలో లవంగ తైలం కలుపుతారట.

"బిర్యానీ అనుకున్నావు కదా?" అన్నారు తలెత్తకుండానే. "ఈ స్ట్రీట్‌లో అందరూ అట్లాగే మోసపోయారమ్మా."

అప్పట్లోనే మావారి పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో ఒక సమురాయ్ కత్తి తెప్పించాను. పిడి మీద డ్రాగన్, పక్కన సర్టిఫికెట్, వందల ఏళ్ళ నాటిదని రాత. గర్వంగా పట్టుకెళ్ళి చూపించాను.

"అమ్మాయ్, దీంతో వంకాయ కూడా తెగదు."

"అదేంటంకుల్, సర్టిఫికెట్ కూడా ఉందిగా!"

"సర్టిఫికెట్టూ కొత్తదే, కత్తీ కొత్తదే. జోడీ బాగానే కుదిరింది. రిటర్న్ చేసెయ్."

ఆ సాయంత్రం ఉక్రోషంతో కత్తిని మళ్ళీ అట్టపెట్టెలో కుక్కేశాను. కాని మర్నాడు మళ్ళీ వెళ్ళాను, నేర్పుతారా అని అడగడానికి. పుస్తకాలు చేతిలో పెట్టారు, కత్తి కాదు. "ఫస్ట్ ఒక ఇయర్ ఏమీ కొనొద్దు. ఊరికే చూడు. చూడ్డానికి డబ్బులు తీసుకోరుగా ఎవరూ." ఎవరింట్లోనైనా తాతగారు జపాన్‌తో యుద్ధం నుంచి తెచ్చిన కత్తి అమ్ముతున్నారంటే నన్ను వెంటబెట్టుకెళ్ళేవారు. అమ్మేవాళ్ళు ఆ కత్తి ఏ సేనాపతిదో, ఎలా దొరికిందో చెబుతుంటే బుద్ధిగా తలాడించి, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేసేవారు. "కథ వినమ్మా, బాగుంటుంది. కాని కథని కొనకు, కత్తిని కొను." పేరు చెక్కి ఉంటే ఇంకా అనుమానపడమనేవారు. గొప్ప పేర్లు ఎవడైనా చెక్కొచ్చట.

దీపం కింద కత్తిని వాలుగా పట్టి, అంచు పొడుగునా తెల్లగా ఒక గీత పాకుతుంది చూడు అనేవారు. నాకేమీ కనబడేది కాదు. ఆయన చిన్నబుచ్చుకుంటారని "ఆఁ ఆఁ" అనేదాన్ని. చాలాకాలానికి ఒకరోజు నిజంగానే కనబడింది, కాగిన పాల మీద మీగడ కట్టేటప్పటి అంచులాగ. అరిచినంత పని చేశాను. ఆయన ముఖం చూడాలి మీరు! పిల్లకి అక్షరాభ్యాసం అయినంత సంబరపడ్డారు.

అన్నిటికంటే గట్టిగా చెప్పింది మాత్రం నకాగో గురించి. వెదురు మేకు తీసి పిడిని లాగేస్తే లోపల దాగి ఉన్న ఇనుప మొదలు కనబడుతుంది. దాన్నే నకాగో అంటారు. వందల ఏళ్ళ తుప్పుతో నల్లగా ఉంటుంది. "ఈ తుప్పే దీని వయసుకి సాక్ష్యం. దీన్ని మాత్రం తోమకు. తోమావంటే కత్తి ఉంటుంది, పరువు పోతుంది. ఇంక కత్తులు సేకరించేవాడెవడూ దాని మొహం చూడడు." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త కటువుగా ఉండేది. ఎందుకా అనుకునేదాన్ని.

తుడిచే రోజున ఆయన మొదట తీసేది ఎప్పుడూ ఒకటే కత్తి. కాస్త పొట్టిది, మామూలుగా ఉండేది. దాని పిడి మాత్రం నా ఎదుట ఎన్నడూ విప్పలేదు. అడిగితే, "దానికి సిగ్గమ్మా," అనేసి మాట మార్చేవారు.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఆంటీ పిలిచారు. ఆవిడ మెల్‌బోర్న్‌లో, ట్రుగనీనాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. అక్కడ కత్తులు ఇంట్లో పెట్టుకోవాలంటే రూల్స్ వేరట, అనుమతి కావాలట. ఒక్కదానికైతే నానా తంటాలు పడైనా ఏర్పాటు చేస్తానందట కూతురు.

"మిగతావన్నీ అమ్మేద్దాం. ఆయన గుర్తుగా ఒక్కటి ఉంచుకుంటా. ఏది బెస్టో నువ్వే చెప్పాలి. ఆయన స్టూడెంట్‌వి నువ్వేగా," అన్నారు ఆంటీ. "నా లెక్కలో అయితే ఈ పొట్టిదే. ఆయన ప్రాణమంతా దీనిమీదే ఉండేది."

ఒక్కొక్కటే పిడి విప్పి చూస్తూ వచ్చాను. అన్నీ నల్లగా, నిండుగా, ఆయన చెప్పినట్టే ఉన్నాయి. చివరికి ఆ పొట్టిదాని మేకు తీశాను. పిడి జారింది. లోపలి ఇనుము కొత్త గరిటెలాగ తళతళమంటోంది.

గబుక్కున పిడి మళ్ళీ తొడగబోయాను. ఆంటీ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"చూశావా ఎట్లా ఉందో! నేనే తోమా. మేము ఆస్ట్రేలియా వచ్చిన కొత్త. లాన్ మోవర్ కొనుక్కొస్తానని పాత సామాన్ల గరాజ్ సేల్‌కి వెళ్ళి ఇది పట్టుకొచ్చారు మహానుభావుడు. ఎన్ని తిట్లు తిట్టానో! అంతలో దసరా వచ్చింది. మా పుట్టింట్లో ఆయుధపూజకి కొడవళ్ళు, కత్తిపీట, పార అన్నీ తోమి బొట్లు పెట్టేవాళ్ళం. ఇక్కడ నాకేమున్నాయి? ఈయన దీని పిడి ఊడదీసి బల్లమీద పెట్టి ఆఫీసుకెళ్ళారు. అబ్బ, తుప్పో తుప్పు! చింతపండు, ఉప్పు, స్టీలు పీచు పెట్టి మధ్యాహ్నమంతా రుద్దా. కుంకం పెట్టి, నిమ్మకాయ కోసి, ఆయన వచ్చేసరికి రెడీ."

"అంకుల్ ఏమన్నారు?"

"చేతిలోకి తీసుకుని అట్లా కూచుండిపోయారు. 'ఎంత మెరుస్తోందే' అన్నారు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత ఆనందం!"

ఆయనకి ఆ రోజే తెలుసా? తర్వాత పుస్తకాలు చదివి తెలుసుకున్నారా? తెలిసి కూడా ఇన్నేళ్ళూ ఎలా ఊరుకున్నారు? నాకు చెప్పిందంతా ఈ ఒక్క కత్తి దగ్గరే నేర్చుకున్నారా? నేనిప్పుడేం చెయ్యాలి? ఆయన శిష్యురాలిగా అయితే దీన్ని పక్కన పెట్టించాలి. ఆయన్ని ఎరిగిన మనిషిగా అయితే నోరు మూసుకోవాలి. ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. పోతూ పోతూ ఈ చిక్కు నా నెత్తిన పెట్టిపోయారేమిటీయన!

"చెప్పమ్మా, ఇదేగా మంచిది?"

"ఇదే ఆంటీ," అన్నాను.

హమ్మయ్య అనుకునేలోపే ఆవిడ వంటింట్లోంచి పెద్ద స్టీలు గిన్నె తెచ్చి బల్లమీద పెట్టారు. దాన్నిండా నానిన చింతపండు.

"పొద్దున్నే నానేశా. కొనేవాళ్ళకి మకిలి పట్టిన సరుకు ఇస్తే ఆయన పరువేం కాను? మిగతావి కూడా దీనిలాగే తోమేస్తా. నువ్వు కాస్త పట్టుకో."

"వద్దాంటీ!" అని గభాల్న ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. మరీ గట్టిగా పట్టుకున్నానేమో, గాజులు గలగలమన్నాయి.

"ఎందుకు?"

నేను గిన్నెని దూరంగా జరిపాను. ఆవిడ నల్లగా ఉన్నవాటిని చూశారు. తర్వాత మెరుస్తున్నదాన్ని చూశారు. ఆ తర్వాత నన్ను.

"తోమకూడదా?"

కూడదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

ఆవిడ ఆ పొట్టి కత్తిని గుడ్డలో చుట్టి, "మా అమ్మాయికి చెప్పు, ఇదే తీసుకెళ్తా," అన్నారు. గిన్నె ఎత్తుకుని వంటింటి వైపు నడిచారు. "ఇంత చింతపండు పారబోస్తామా? చారు పెడతా, తినేసి వెళ్ళు."

వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. చారు మరిగింది. ఆవిడ మూకుడులో నెయ్యి వేసి, ఆవాలు, ఎండుమిర్చి వేసి, నావైపు తిరక్కుండానే అన్నారు, "అప్పుడే చెప్పొచ్చుగా."

నేను ఏదో సంజాయిషీ చెప్పబోయాను. ఆవిడ అడిగింది నన్ను కాదు, ఆయన్ని. పోపు మాడుతోంది, ఆవిడ స్టవ్ కట్టలేదు.