శాలిబండలో నా చెల్లెలి ఉపవాసం

ఆ ఉదయం రోజూలాంటిదే. నాలుగున్నరకు లేచి దీపం వెలిగించాను. మోకాళ్లూని తోబుట్టువుల పేర్లు ఒక్కొక్కటిగా ప్రభువు ముందు చెప్పుకున్నాను. పొయ్యి రాజేసి, ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి గుడికి, అంటే చర్చికి, ఇచ్చే కుండలో వేశాను. మా మెదక్ క్రైస్తవ ఇళ్లలో ప్రతి వంటకూ అలా తీసిపెట్టడం ఆడవాళ్ల అలవాటు. అన్నం ఉడికేలోగా మా చిన్న చెల్లెలు రూతు రాసిన జాబు మళ్లీ చదివాను. "అక్కా, నువ్వు చెప్పినట్టే వారానికి మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేస్తున్న. మనసు నిమ్మళంగ ఉన్నది." ముందటి ఆదివారం స్త్రీల కూడికలో ఆ జాబు అందరికీ చదివి వినిపించాను. యాభై మూడేళ్ల నాకు అందని లోతు ముప్పై ఏళ్ల పిల్లకు అందిందని పొంగిపోయాను. ఒక్కరోజైనా ఆమె పక్కన కూర్చుని ప్రార్థించాలనిపించి, చెప్పకుండానే బయలుదేరాను.

మెదక్ నుంచి మొదటి బస్సు ఆరున్నరకు. యుద్ధంతో పెట్రోలు కరువై ఇప్పుడు బొగ్గుతో నడుస్తోంది. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆపి, వెనక ఉన్న కొలిమిని కదిపితేగాని కదలదు. అందుకే పట్నం చేరేసరికి ఐదు గంటలు పడుతుంది. వెనక సీట్లో కూర్చుంటే మసికి తెల్లచీర మీద ఆశ వదులుకోవాలి. గౌలిగూడలో దిగి టాంగా మాట్లాడుకున్నాను. ఎనిమిదణాలు అడిగిన టాంగావాడు ఆరణాలకు ఒప్పుకున్నాడు.

"కొంచెం తొందరగ పోనియ్యి బాబూ" అన్నాను నయాపూల్ మీద.

"గుర్రానికి గూడ రాషనే అమ్మా! గడ్డి సగం, నడక సగం" అని నవ్వాడు.

చార్మినార్ దగ్గర బండి ఆపించి, లాడ్ బజార్‌లో రూతుకు డజను గాజులు తీసుకున్నాను. కొలత అడిగితే నా చెయ్యే చాపాను. మా ఇద్దరి మణికట్లూ ఒక్కటే. అక్కడి నుంచి శాలిబండ దగ్గరే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి రూతు ఉంటున్న గల్లీలో దిగాను.

గడపలో ఎదురైంది రూతు కాదు, పక్కింటి ఎల్లమ్మ. పాడి గేదెలున్న మనిషి. చేతిలో పాలచెంబు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా పెద్దక్కవు? జాబులు రాసే అక్కవు?"

"అవును."

"మంచిగ రాసినవు తల్లీ! ఉప్పాసం ఉండు, ఉప్పాసం ఉండు అని. కడుపుతోటున్న పిల్లకు గదేం ముచ్చట? మేం గూడ అమ్మవారికి ఒక్కపొద్దులుంటం. గని కడుపుతోటున్నోళ్లను ఉండనియ్యం. మీ దేవునికి గంత ఫికర్ లేదా?"

నిలబడ్డచోటే ఉండిపోయాను. చేతిలోని సంచి దించాలని కూడా తోచలేదు. కడుపుతో ఉందా? నాకెవరూ చెప్పలేదే!

లోపలి నుంచి గోడ పట్టుకుని రూతు వచ్చింది. "అక్కా! జాబన్న రాయకుండ వస్తివేంది?" అని నవ్వింది. ఆ మొహంలో కళ్లు తప్ప ఇంకేమీ మిగల్లేదు. పొట్ట మాత్రం ముందుకు వచ్చింది.

"ఎన్నో నెల?"

"ఆరు. రెండుసార్లు పోయినయి గద, ఏడు పడ్డంక రాద్దామనుకున్న."

ఏం చేయాలో తెలియక గాజులు తీసి ఆమె చేతికి తొడిగాను. చెయ్యి ఎత్తగానే డజనూ మోచేతి దాకా జారాయి. ఇద్దరం వాటినే చూశాం.

వంటింట్లోకి వెళ్లాను. గిన్నెలో పిడికెడు జొన్న సంకటి మూతపెట్టి ఉంది. ఐదేళ్ల కూతురు మార్తకట అది.

"నీకో?"

"ఇయ్యాల నాకు ఉపవాసం అక్కా."

"రూతూ, నిజం చెప్పు."

ఎల్లమ్మ గడప మీద కూర్చుంది, లేచి వెళ్లలేదు. రూతు గిన్నె మీది మూత సరిచేసింది.

"రాషన్ గింజలు నాలుగు రోజులకే వస్తయి. ఆయన కుట్టుమిషన్ తొక్కాలె, పిల్ల తినాలె. తక్కిన మూడు రోజులు ఉపవాసమన్న. ఆయనకు గూడ గట్లనే చెప్పిన. ఉత్తగ ఆకలితోటి పండుకుంటే ఏడుపొస్తది అక్కా. ప్రార్థన అనుకుంటే రాదు."

"నేను పోసే పాలు గూడ పిల్లకే తాపుతది, దొంగది" అంది ఎల్లమ్మ.

రూతు భర్త కోసం, పిల్ల కోసం సంచిలో తెచ్చిన జొన్నరొట్టెలు విప్పాను. రూతు తల తిప్పుకుంది. "దేవునికి మాట ఇచ్చిన దినం అక్కా, తప్పు గదా" అంది. "ఆ మాట నీతోటి పలికించింది నేను. తప్పుంటే నా మీద వేసుకుంట. తిను" అని ముక్క తుంచి నోటికి అందించాను. తినేముందు ప్రార్థన చేద్దామంటే, ముప్పై ఏళ్లుగా కూడికలు నడిపిన నాకు ఒక్క మాట రాలేదు. రూతే చేసింది. తన గురించి ఏమీ అడగలేదు. నా ప్రయాణం కోసం స్తోత్రం చెప్పింది.

ఆత్మీయ జీవితంలో లోతు గురించి ఎంతో మాట్లాడాను. కడుపు నిండినవాళ్లం మేం దాన్ని ఒక మెట్టులా, ఎక్కి చూపించేదిగా అనుకున్నాం. రూతు ఆకలినే ప్రార్థన చేసుకుంది, నిజంగానే చేసింది. దాన్ని నేను కాదనలేను. కాని దాన్ని మెచ్చుకుంటూ నేను రాసిన ప్రతి జాబూ ఆమె చేతిలోని ముద్దను వెనక్కి నెట్టింది. ఈ దారిన మీవాళ్లను చూడబోయేవారికి నేను చెప్పేది ఒక్కటే. ముందుగా జాబు వేయకండి. మొదటి బస్సెక్కితే వంటవేళకు చేరతారు. మోకాళ్లూనేముందు వంటింట్లోకి వెళ్లండి.

సాయంత్రం మరిది సామ్యేలు దర్జీపని నుంచి వచ్చి అంతా విన్నాడు. "మా ఇంటామెది గొప్ప భక్తి అని దుకాణంల చెప్పుకుంటి వదినా" అని తల పట్టుకున్నాడు. రూతునూ మార్తనూ నాతో మెదక్ పంపాలనుకున్నాం. మర్నాడే అన్నాను నేను. "ఈ బలానికి బొగ్గు బస్సు కుదుపులా? రెండు రోజులు నా పాలు తాగనీ" అని ఎల్లమ్మ గట్టిగా చెప్పింది. ఆమె మాటే నెగ్గింది. ప్రయాణం ఎల్లుండికి, కొలిమి పొగ అందకుండా డ్రైవరును ఆనుకున్న ముందు సీట్లో. ప్రసవమయ్యేదాకా రూతు మా ఇంట్లోనే. ఆమె బదులు వారంలో ఆ మూడు రోజులూ నేను ఉపవాసముంటానన్నాను. రూతు ఒప్పుకోలేదు. అందరం తినాలంది. తింటామని మాట ఇచ్చాం.