ఎవరి గుంట ఇటుక వాళ్ళకే

ధరణికోటలో మా క్రైస్తవుల పేటలో ఎవరు పోయినా ముందు కబురు వెళ్ళేది మా మేనమామ జక్కయ్యకే. సమాధికి గుంట తీసేది ఆయనే. అదేమీ ఉద్యోగం కాదు. కడుపు నింపేది మిరప చేలల్లో కూలి. గుంట తీసినందుకు ఆ ఇంటివాళ్ళు ఒక కొత్త తువ్వాలు పెడతారు. మా మావయ్య ఇంట్లో దేనికైనా కరువు ఉండొచ్చు గానీ తువ్వాళ్ళకు మాత్రం ఏనాడూ లేదు.

ధరణికోట ఒకప్పుడు ధాన్యకటకం, శాతవాహనుల రాజధాని. కృష్ణలో పడవల మీద సరుకు వచ్చేదని బడిలో మాస్టారు చెబితే మేం నవ్వుకునేవాళ్ళం. నవ్వక ఏం చేస్తాం? కోటగోడ మట్టిదిబ్బ అయింది, దిబ్బ మీద తుమ్మలు మొలిచాయి. పక్కనే ఉన్న అమరావతి స్తూపం శిల్పాలు కొన్ని మద్రాసుకూ కొన్ని లండనుకూ పోయాయి. మాకు మిగిలినవి ఇటుకలు. మూరెడు పొడవు, ఎత్తితే నడుం పట్టేంత బరువు. పునాది తీసినా, గేదెను కట్టడానికి గుంజ పాతినా తగులుతాయి. మా వాళ్ళు వాటితో పొయ్యిలు పెట్టుకున్నారు, అరుగులు కట్టుకున్నారు. ఇప్పుడు విజయవాడ వైపు కొత్త రాజధాని లేస్తోంది, బస్సులోంచి క్రేన్లు కనిపిస్తాయి. మేం పాత రాజధాని వాళ్ళం, మమ్మల్ని ఎవరు చూస్తారు!

సమాధుల దొడ్డి కూడా ఆ దిబ్బ మీదే. గుంట తీస్తుంటే ఇటుకలు వస్తాయి. వాటిలో ఒక్కటి కూడా మావయ్య ఇంటికి తేలేదు, ఎవరినీ తీసుకెళ్ళనివ్వలేదు. "ఎవరి గుంట ఇటుక వాళ్ళకే" అని ఆ సమాధి చుట్టూనే పేర్చేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, దీవెన. పాకే వయసులో జ్వరం వచ్చి పోయింది. ఆ గుంట కూడా ఆయనే తీశాడు. ఒక పక్క ఆయన తల్లి సమాధి, ఇంకో పక్క మట్టిలో పాతకాలం గోడ తగిలింది. చిన్న పెట్టె కాబట్టి ఆ మధ్య సందులో పట్టింది. గోడ సంగతి మా అత్త శౌరమ్మకు చెప్పలేదు. ఏటా సమాధుల పండగకు కొవ్వొత్తి వెలిగించి ఆమె ఒకటే అడిగేది, "నన్ను దీని పక్కన పెట్టయ్యా, ఇంకేం అడగను" అని. ఆయన సరేననేవాడు.

ఈ వానాకాలం శౌరమ్మత్త గుండెనొప్పితో పోయింది. నేను ఆటోనగర్‌లో లారీల బాడీలు కడుతుంటాను. కబురు అందగానే బయల్దేరి వచ్చేసరికి మావయ్య అప్పటికే దొడ్డిలో ఉన్నాడు. భార్య గుంట భర్త తీయకూడదని అందరూ చెబుతున్నా చేతిలో గునపం వదలలేదు. దీవెన పక్కనున్న ఆ పాత గోడ దగ్గర ఆగిపోయి నిలబడ్డాడు.

"పగలగొడదాం మావా. ఫోన్ చేస్తే మా షెడ్డు నుంచి డ్రిల్లు వచ్చిద్ది" అన్నాను.

"గోడ తీస్తే అవతలి మట్టి నిలవదురా. పిల్ల జారిపోద్ది."

ఫాదరు గారు మెల్లగా కలగజేసుకున్నారు. "ఆత్మ దేవుడి దగ్గర ఉంటుంది జక్కయ్యా. శరీరం ఎక్కడుంటే ఏముంది?"

"మీకేమండీ! ఆమెకి మాటిచ్చింది నేను" అన్నాడు మావయ్య.

చివరికి గోడకు ఇవతల, గోడను ఆనుకునే తవ్వాడు. పని అయిపోయింది, అందరం పైకి వచ్చాం. ఆయన మాత్రం లోపలే ఉన్నాడు. గునపం మొనతో గోడను పొడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అత్త పెట్టె గేటు దాకా వచ్చేసింది. నాకు ఒళ్ళు మండింది.

"పగలగొట్టొద్దన్నది నువ్వేగా! పైకి రా మావా!"

ఆయన ఒక ఇటుక పైకి అందించాడు. దాని వెనక నుంచి ఇంకొకటి. గోడ మందం అంతే. వంగి చూశాను. గోడలో ఒక చెయ్యి పట్టేంత కంత. అవతలి నుంచి దీవెన పక్క మట్టి కొంచెం కొంచెం రాలుతోంది.

"ఇదేంది మావా?"

ఆయన నా చెయ్యి పట్టుకుని పైకెక్కాడు. గోచీ దులుపుకున్నాడు.

"మధ్యలో గోడ ఉంటే, పిల్ల ఏడిస్తే మీ అత్తకెట్టా వినపడిద్దిరా?"

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన ఏడవలేదు. పెట్టె దించి మట్టి పూడ్చాక ఒక ఇటుక శౌరమ్మత్త తలవైపు పెట్టాడు. రెండోది గోడకు అవతలి పక్కకు తీసుకెళ్ళి దీవెన తలవైపు పెట్టాడు.