వంతు డబ్బా

అప్పట్లో కరీంనగర్‌లో నాకు టీవీలు, రేడియోలు బాగుచేసే చిన్న షాపు ఉండేది. తొంభైల మొదట్లో మైక్రోకంట్రోలర్ చిప్పులతో పని నేర్చుకున్నాను. నేర్చుకున్నది నాలుగు ముక్కలే అయినా, జిల్లాలో ఈ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని చెప్పుకు తిరిగాను. నిండు కుండ తొణకదంటారు. నేను సగం కుండను.

కొండగట్టు దగ్గర ఒక ఊళ్లో ఒక రైతూ, చనిపోయిన తన తమ్ముడి భార్యా ఒకే బావి నీళ్లు పంచుకునేవాళ్లు. బావికి ఒక్కటే మోటరు. ఆరు గంటలు ఆయన పొలానికి, ఆరు గంటలు ఆమె పొలానికి. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి గడియారం చూసి వంతులు వేసుకోవడం కుదరదు. మోటరు నడిచినంతసేపే లెక్కగట్టి, ఆరు గంటలు నిండగానే వంతు మార్చి, ఎవరి వంతైతే వాళ్ల దీపం వెలిగించే డబ్బా చేసిచ్చాను. కరెంటు పోయినా లెక్క చెరిగిపోకుండా లోపల చిన్న బ్యాటరీ పెట్టాను.

బ్యాటరీ ఒక్కటే చాలదు. ఓల్టేజీ మెల్లగా దిగుతుంటే చిప్పుకు మతి తప్పుతుంది. దాచిన లెక్క మీదే పిచ్చి అంకెలు రాసేస్తుంది. ఓల్టేజీ తగ్గగానే చిప్పును ఆపేసి, మెమరీకి తలుపు వేసే సర్క్యూట్ ఇంకొకటి కావాలి. ఆ సంగతి నేను చదివాను. కానీ దానికి కావలసిన చిన్న భాగం కోసం హైదరాబాద్ పోవాలి. నా బల్ల మీద ఇరవైసార్లు ప్లగ్గు పీకి చూశాను, లెక్క చెక్కుచెదరలేదు. ఇంకేం కావాలి అనుకున్నాను. పల్లెలో కరెంటు ప్లగ్గు పీకినట్టు పోదు. బల్బు ఎర్రబడి, కొట్టుకుని, సతాయించి పోతుంది. ఆ జిల్లాలోనే పుట్టి పెరిగిన నాకు ఇది ఇంకొకరు చెప్పాలా?

ఆ యాసంగి పంటకాలంలో మూడుసార్లు ఆయన వంతు సగంలోనే తెగి, ఆమె దీపం వెలిగింది. ఆయన వరిమడి నెర్రెలు బారింది. మోటరు కొట్టం తాళంచెవి ఆమె దగ్గర ఉండేది. ఆమే డబ్బాను కదిలించిందని ఆయన పంచాయితీ పెట్టించి, నన్ను పిలిపించాడు.

కొట్టంలోకి ఒక్కణ్ణే వెళ్లి డబ్బా తెరిచాను. చూస్తుండగానే ఓల్టేజీ పడిపోయింది. నా కళ్లముందే లెక్క చెదిరి వంతు మారిపోయింది. బయటికి వచ్చాను.

"డబ్బల ఏమన్న తప్పున్నదా సారూ?" అని ఊరి పెద్దమనిషి అడిగాడు.

"డబ్బ మంచిగనే ఉన్నది" అన్నాను.

ఆ ఊళ్లోనే ఇంకో ఇద్దరు ఇలాంటి డబ్బా కావాలని నన్ను అడిగి ఉన్నారు. అదొక్కటే కారణం. ఇప్పుడు రాస్తున్నా సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కొండగట్టు ఆంజనేయుడి ముందు ఆమె తడిబట్టలతో ప్రమాణం చెయ్యాలని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. మంగళవారం పొద్దున్నే ఆమె కొండగట్టులో స్నానం చేసి, నీళ్లు కారే చీరతోనే గుడి ముందు నిలబడింది. "నేను డబ్బ ముట్టలే. ముట్టుంటే అంజన్ననే చూసుకుంటడు" అంది. చలికి ఆమె దవడలు కొట్టుకుంటున్నాయి. సాక్షుల్లో నేనూ ఒకణ్ణి.

మర్నాడే హైదరాబాద్ బస్సెక్కి ఆ భాగం తెచ్చాను. దుమ్ము తుడవాలని చెప్పి డబ్బా తెరిచి, గుట్టుగా బిగించాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా వంతు తప్పలేదు. నా తప్పు నేనే దిద్దుకున్నానని కొన్నాళ్లు తృప్తిగా కూడా ఉన్నాను.

నెల తర్వాత ఆ ఊరి హోటల్లో చాయ్ తాగుతుంటే ఆ రైతు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చూసిండ్రా సారూ, ప్రమాణం చేసినకాడికెళ్లి డబ్బ ఒక్కపారి సుత తప్పలే. అంజన్నకు భయపడి చేతులు ముడుచుకున్నది. ఊరంత గదే అంటున్నరు."

నేను చాటుగా చేసిన రిపేరే ఆమెను దొంగను చేసింది. అప్పుడైనా నోరు తెరవాల్సింది. చాయ్ తాగేసి లేచాను.

బస్సు ఆగే చోట ఆమె ఎదురైంది.

"సారూ, మీరు డబ్బ లోపట చూసిండ్రు గద. నేను ముట్టినట్టు ఏమన్న కనబడ్డదా?"

"లేదమ్మా" అన్నాను.

"గా మాట గానాడే చెప్పుంటే, నేను గట్ల తడిబట్టలతోని నిలబడకపోదును గదా సారూ" అంది.

బస్సు వచ్చింది. ఎక్కాను.