రాహుకాలానికి ముందే

2004 జూన్ 12, శనివారం ఉదయం ఎనిమిది గంటల యాభై రెండు నిమిషాలకు, గుణదలలోని మా ఇంట్లో, మా అల్లుడు నా కంప్యూటర్లో లినక్స్ అనే కొత్త సిస్టమ్ సీడీ పెట్టాడు. దానికి వైరస్ రాదట. ఆయన ఇంజనీరే గానీ, లినక్స్ ఎక్కించడం అదే మొదటిసారి.

ఆ కంప్యూటర్లో మా రెండు వైపుల పెద్దల తద్దినాల తిథులు ముప్పై ఏడు ఉన్నాయి. లెక్కల టీచరుగా రిటైరయ్యాక నేనే ఎక్కించాను. "ఇంక ఈ చెదల పుస్తకం ఎందుకండీ?" అని అల్లుడు అంటే, పాత నోటుబుక్కు చిత్తుకాగితాలవాడికి వేసేశాను. అదీ నా తెలివి.

తెర మీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది.

"చదవండి బాబూ," అన్నాను.

"తొమ్మిదికి రాహుకాలం అత్తయ్యగారూ! ఈలోపు మొదలుపెట్టేస్తే చాలు," అంటూ యెస్ నొక్కేశాడు.

పదిన్నరకు లినక్స్ వచ్చింది. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే, ముందు ఇంకోటి కావాలంది. అది ఎక్కించబోతే మూడోది కావాలంది.

"అవి అలా ఉంచి, నా తిథుల ఫైలు చూపించండి," అన్నాను.

ఆయన వెతికి వెతికి చెమట తుడుచుకున్నాడు.

"డిస్కంతా చెరిపెయ్యమంటారా అని అడిగినట్టుందండీ."

"మీరేమన్నారు?"

"సరేనన్నానండీ."

నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివిన మనిషికి ఒక్క వాక్యం చదవడానికి తీరిక లేకపోయింది. రాహుకాలం మాత్రం చక్కగా తప్పించాడు.

ఆ మధ్యాహ్నమే కాగితం తీసుకుని కూర్చున్నాను. ఉండాల్సినవి ముప్పై ఏడు. నాకు నోటికి వచ్చినవి పదకొండు. పోయినవి ఇరవై ఆరు. అడిగి రాసుకుందామంటే, అవి తెలిసినవాళ్లెవరూ బతికి లేరు.