చిరగని తెరచాప

నిన్న సంతలో యూరియా సంచులతో కుట్టిన పరదా గాలికి ఫటఫటా కొట్టుకుంటుంటే నాకు ఊపిరాడలేదు.

పులికాట్ ఒడ్డున పెరిగినవాళ్లారా, మన నూలు తెరచాపలు గుర్తున్నాయా? పెనుగాలి వస్తే అవి చిరిగిపోయేవి, పడవ మాత్రం నిలిచేది.

మా నాయన వాటికి బదులు యూరియా సంచులతో చాప కుట్టాడు. "ఇది చిరగదు, సూడు" అన్నాడు.

చిరగలేదు. సుడిగాలికి పడవే బోల్తాపడింది. నీళ్లలో ఆ చాప కింద నేను చిక్కుకుపోయాను. పెదనాయన కత్తితో దాన్ని చీల్చి నన్ను బయటికి లాగాడు.

ఒడ్డుకొచ్చాక పెదనాయన మా నాయనను తెడ్డుతో బాదాడు. "చిరగనిది కుట్టినావు కదరా, బిడ్డ యాడికి పోవాల?"

మర్నాడు పగిలిన పెదవితోనే నాయన ఆ చాపను మళ్లీ కుట్టాడు. నడుమ ఒక వరుస మాత్రం నూలు దారంతో నాచేత కుట్టించాడు.

"గట్టిగా బిగించొద్దు పాపా" అన్నాడు.